మానిటరింగ్ బోర్డు మీద దీపాలు నిజంగా ఏం చెబుతాయి? మూడో గది బోర్డు ఎందుకు పలకడం లేదు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నాకు అర్థమైంది ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దు. ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీ. మూడు గదులు, గది ఉష్ణోగ్రత కనిపెట్టి తేడా వస్తే సైరను మోగించడానికి గదికో బోర్డు, మూడింటినీ ఒకే జత తీగ మీద ఆఫీసు కంప్యూటరుకి కలిపారు. ఒకటో బోర్డు, రెండో బోర్డు కంప్యూటరుకి కనిపిస్తున్నాయి. మూడోదాని మీద పచ్చ దీపం వెలుగుతోంది, ఆర్‌ఎక్స్ (సందేశం అందుకునే) దీపం కొట్టుకుంటోంది, టీఎక్స్ (జవాబు పంపే) దీపం మాత్రం ఒక్కసారీ వెలగలేదు. రెండో గది ఉష్ణోగ్రత చేతి థర్మామీటరు కన్నా మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు ఎర్ర దీపం వెలగలేదు, సైరనూ మోగలేదు. బోర్డు మీద ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదో చెప్పమన్నావు.

విశాఖలో ఇలాంటి ప్యానెళ్లు విప్పడం, బిగించడం నాకు 27 ఏళ్ల పని. ఆ పనిలో అన్నిటికన్నా ఆలస్యంగా తెలుసుకున్నది ఒకటుంది. బోర్డు మీద దీపం దాని వెనకున్న సర్క్యూట్‌కి తెలిసినదే చెబుతుంది. గది సంగతి దానికి తెలియదు. అందుకని ప్రతి దీపం దగ్గరా ముందు అడగాల్సింది, ఇది దేనికి కట్టి ఉంది అని. నీ మూడు సమస్యలూ ఆ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

తేలికగా తేలేది మూడో బోర్డు, దానితో మొదలుపెడదాం. ఆర్‌ఎక్స్ దీపం కొట్టుకుంటోందంటే తీగ మీద ఏదో కదులుతోందని మాత్రమే అర్థం. తనను పిలిచారని కాదు, పిలుపు అర్థమైందనీ కాదు. కంప్యూటరు ఒకటో బోర్డుతో మాట్లాడుతున్నా మూడోదాని ఆర్‌ఎక్స్ కొట్టుకుంటుంది, అన్నీ ఒకే తీగ మీద ఉన్నాయి కాబట్టి. ఆ జతలోని ఎ, బి తీగలు తారుమారైనా కొట్టుకుంటుంది, వేగం కుదరకపోయినా కొట్టుకుంటుంది. కంప్యూటరూ బోర్డులూ మాట్లాడుకునే పద్ధతి పేరు మోడ్‌బస్, అందులో బోర్డు తన అడ్రసు కాని పిలుపుకి జవాబివ్వదు. లెక్క సరిపోని, అంటే సీఆర్‌సీ తప్పిన సందేశానికీ జవాబివ్వదు. "అర్థం కాలేదు" అని కూడా అనదు, ఊరుకుంటుంది. ఆర్‌ఎక్స్ ఉండి టీఎక్స్ లేకపోతే నేను చూసే వరస ఇది: అడ్రసు, వేగం, ఎ-బి. చిప్ పోయిందన్న అనుమానం వీటన్నిటి తర్వాతే.

నీ ఫొటోలో జవాబు దాదాపు కనిపిస్తూనే ఉంది. ఎర్ర డిప్ స్విచ్ మీద ఎనిమిది చిన్న మీటలు. పక్కన అచ్చేసినదాని ప్రకారం మొదటి ఆరు అడ్రసుకి, ఏడోది వేగానికి, ఎనిమిదోది టెర్మినేషన్‌కి. ఒకటో బోర్డులో ఒకటో మీట, రెండో బోర్డులో రెండో మీట, మూడో బోర్డులో మూడో మీట ఆన్ చేశావు. చూస్తే న్యాయంగానే ఉంది, రెండు బోర్డులు పనిచేశాయి కూడా. కానీ మీట నంబరు అడ్రసు కాదు. మీటలకి విలువలు వరసగా 1, 2, 4, 8, 16, 32. ఆన్‌లో ఉన్నవాటి విలువలు కూడితే అడ్రసు వస్తుంది. ఒకటో మీటకి 1, రెండో మీటకి 2, అక్కడిదాకా నంబరూ విలువా కలిసిపోయాయి. మూడో మీట విలువ 4. కంప్యూటరు 3 అని పిలుస్తోంది, బోర్డు తన పేరు 4 అనుకుని కూర్చుంది. 3 కావాలంటే ఒకటో మీటా రెండో మీటా ఆన్ చెయ్యి, మూడోది ఆఫ్ చెయ్యి.

మార్చేటప్పుడు పెన్సిలు వాడకు. దాని ములుకు గ్రాఫైటు, రాలిన పొడిలోంచి కరెంటు పారుతుంది. పళ్లపుల్ల గానీ, సన్న స్క్రూడ్రైవరు గానీ తీసుకో. మార్చాక బోర్డుకి కరెంటు తీసి మళ్లీ ఇవ్వాలి. చాలా బోర్డులు ఈ మీటల్ని లేచేటప్పుడు ఒక్కసారే చదువుతాయి. మీట మార్చి, టీఎక్స్ రాలేదని మళ్లీ పాత చోటికే మార్చేసినవాళ్లని చూశాను. సరైన జవాబు చేతిలోకి వచ్చి జారిపోయినట్టు అవుతుంది. ఇంకొకటి, అన్ని మీటలూ ఆఫ్‌లో పెట్టి చూద్దామనుకోకు. మోడ్‌బస్‌లో సున్నా అందరినీ ఒకేసారి పిలిచే అడ్రసు, దానికి ఎవరూ జవాబివ్వరు. బోర్డులకి ఇవ్వదగ్గవి 1 నుంచి 247 వరకు. నీ బోర్డులో ఆరు మీటలే కాబట్టి 63తో సరి.

ఎనిమిదో మీట మూడు బోర్డుల్లోనూ ఆన్‌లో ఉంది, అది మార్చాలి. ఆన్ చేస్తే ఎ, బి తీగల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ పడుతుంది. పొడుగు తీగ కొసకి చేరిన సంకేతం వెనక్కి తిరిగొచ్చి కొత్త సంకేతాన్ని పాడుచెయ్యకుండా పీల్చేసుకోవడం దాని పని. అందుకే తీగకి రెండు కొసల్లోనే ఉండాలి. నీకు ఒక కొస ఆఫీసులో ఈ తీగని కంప్యూటరుకి కలిపే కన్వర్టరు, రెండో కొస మూడో గది. మధ్యలో ఉన్న ఒకటి, రెండు బోర్డుల్లో ఎనిమిదో మీట ఆఫ్ చెయ్యి. ఊరికే నా మాట నమ్మొద్దు, కొలిచి చూడు. అన్నిటికీ కరెంటు తీసేసి, ఎ-బి మధ్య మీటరు పెట్టు. దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొసలోనే ఉంది. 40 వస్తే మూడు, 30 వస్తే నాలుగు ఉన్నాయి. ఈ జత తీగ మీద సంకేతాలు పంపే ఆర్‌ఎస్-485 చిప్‌లు 54 ఓమ్‌ల భారం మోయగలిగేలా చేసినవి, అంతకన్నా బరువెక్కితే సంకేతం కుంగిపోతుంది. నిజానికి నీ దూరం వంద మీటర్లలోపే, వేగం సెకనుకి 9600 బిట్లు. ఆ లెక్కన టెర్మినేషన్ అసలు లేకపోయినా బండి నడిచిపోతుంది. ఎక్కువైతేనే చేటు.

ఎ, బి పేర్లని మాత్రం ఎప్పుడూ గుడ్డిగా నమ్మకు. ప్రామాణిక పత్రంలో ఉన్నది ఒకలా, చిప్ తయారీదారులు చాలామంది రాసేది దానికి ఎదురుగా. ఒక కంపెనీ ఎ ఇంకో కంపెనీ బి అవుతుంది. తారుమారు చేసి చూస్తే ఏమీ కాలిపోదు, నిశ్చింతగా మార్చి చూడొచ్చు. నీవి మూడూ ఒకే కంపెనీవి, రెండు పనిచేస్తున్నాయి కాబట్టి మూడోదాంట్లో తీగ రంగులు మిగతా రెండింటిలాగే ఉన్నాయో లేదో చూస్తే చాలు. ఎ, బిలతో పాటు మూడో తీగగా గ్రౌండు కలిపావా? ఫొటోలో ఆ పిన్ను ఖాళీగా ఉన్నట్టుంది. ఈ చిప్‌లు రెండు చోట్ల గ్రౌండుల మధ్య తేడాని ఒక హద్దు వరకే తట్టుకుంటాయి, తీగ మీద వోల్టేజీ -7 నుంచి +12 లోపల ఉండాలి. కంప్రెసర్లు నడిచే చోట ఆ హద్దు దాటడం పెద్ద విషయం కాదు. ఈరోజు బాగానే ఉంటుంది, ఒకరోజు కంప్రెసరు స్టార్టయిన క్షణాన చిప్ పోతుంది. ఆ తీగ కలుపు.

ఇప్పుడు పచ్చ దీపం. "పవర్ దీపం వెలుగుతోంది కాబట్టి సప్లై బాగానే ఉంది" అని రాశావు. ఈ మాట దగ్గర నేను ఆగాను. ఎల్‌ఈడీ వెలగడానికి రెండు వోల్టుల చిల్లర చాలు, మిగతాదంతా పక్కనున్న రెసిస్టర్ మీద పడుతుంది. 24 వోల్టుల లైను మీద 2200 ఓమ్‌ల రెసిస్టర్‌తో కట్టి ఉందనుకో, 10 మిల్లీ యాంపులు పారుతాయి. ఆ 24 ఇచ్చే సప్లై పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్, నీరసించి 17 వోల్టులకి పడిపోతే దాదాపు 7 పారుతాయి. ఆ తేడా మన కంటికి ఆనదు. దీపం అలాగే వెలుగుతుంది, రిలే (కాయిల్‌కి కరెంటిస్తే లాగి కాంటాక్ట్‌ని కలిపే స్విచ్) మాత్రం లాగదు, సెన్సారు లెక్కలు తప్పుతాయి. పైగా కొన్ని బోర్డుల్లో ఆ దీపం లోపలికొచ్చే 24 మీదే కట్టి ఉంటుంది, కొన్నింటిలో లోపల తయారయ్యే 3.3 మీద ఉంటుంది. మొదటి రకంలో ప్రాసెసరుకి వెళ్లే కరెంటు చచ్చిపోయినా పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. అందుకని పవర్ దీపం వెలుగుతుంటే నేను మీటరు తీస్తాను, దీపం ఆరిపోతే ముందు ఫ్యూజు చూస్తాను.

ఎక్కువగా నమ్మదగ్గది దాని పక్కనున్న 'రన్' దీపం. దాన్ని ప్రాసెసరులో నడిచే ప్రోగ్రామే వెలిగించి ఆర్పుతుంది. నీ బోర్డులో సెకనుకోసారి కొట్టుకుంటోందన్నావు, మంచిదే. అది ఆరిపోయి ఉన్నా, ఆగకుండా వెలిగి ఉన్నా ఒకటే: ప్రోగ్రాము ఎక్కడో ఇరుక్కుంది. ఆగకుండా వెలుగుతున్న రన్ దీపాన్ని చూసి అంతా బాగుందనుకునేవాళ్లు చాలామంది. వాచ్‌మన్‌కి ఈ ఒక్క దీపం సంగతి చెప్పినా సగం కాపలా అయినట్టే.

రెండో గది మూడు డిగ్రీల సంగతికి వద్దాం. గడ్డకట్టిన రొయ్యలకి -18 డిగ్రీలు దాటకూడని గీత. ఆ గీత దగ్గర మూడు డిగ్రీలంటే సరుకు నిలిచేదీ తిరిగొచ్చేదీ తేలిపోతుంది. నీ సెన్సారు పీటీ-100, అంటే ఉష్ణోగ్రతతో పాటు రెసిస్టెన్స్ మారే రకం, మూడు తీగలది: రెండు ఎరుపు, ఒకటి తెలుపు. సున్నా డిగ్రీల దగ్గర దానికి 100 ఓమ్‌లు, -20 దగ్గర 92.16. డిగ్రీకి 0.39 ఓమ్ లెక్కన నీ మూడు డిగ్రీల తేడా అంతా కలిపి 1.2 ఓమ్ కూడా కాదు. అంత రెసిస్టెన్స్ రావడానికి సెన్సారు పాడవ్వక్కర్లేదు, కనెక్టరులో ఒక్క స్క్రూ వదులైతే చాలు. మూడో తీగ పెట్టింది పొడుగాటి తీగ రెసిస్టెన్స్‌ని తీసివేసి లెక్క కట్టడానికే. కానీ ఆ లెక్క తీగలన్నీ సమానంగా ఉన్నాయన్న నమ్మకం మీద నడుస్తుంది. ఒక్క దాని మొన చిలుం పడితే ఆ తేడా నేరుగా ఉష్ణోగ్రతలో కలిసిపోతుంది. ఏ తీగకి చిలుం పట్టిందన్నదాన్ని బట్టి ఎక్కువా చూపొచ్చు, తక్కువా చూపొచ్చు. నీకు ఎక్కువ చూపించింది కాబట్టి అనుమానం వచ్చింది. తక్కువ చూపించి ఉంటే గది వెచ్చబడుతున్నా తెర మీద -18 అనే ఉండేది.

మన ఊరి గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు. హార్బరు దగ్గర గాలిలో ఉప్పు, తలుపు తీసినప్పుడల్లా చల్లటి లోహం మీద పేరుకునే చెమ్మ. ఉట్టి రాగి తీగ స్క్రూ కింద పెడితే కొన్నాళ్లకే పచ్చగా అవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక వరసగా ప్యానెళ్లు విప్పాను. పైనుంచి తీగలు దించిన పెట్టెల్లో నీళ్లు తీగ వెంటే కనెక్టర్ల దాకా పాకాయి. కిందనుంచి గ్లాండ్ (తీగ దూరే చోట బిగించే బిరడా) వేసి, తీగని కాస్త కిందికి వేలాడదీసి పైకి తెచ్చిన పెట్టెలు పొడిగా ఉన్నాయి. అప్పటినుంచి నేను పై గ్లాండ్ వెయ్యనివ్వను. నీ ఫొటోలో రెండో గది పెట్టెకి తీగలు పైనుంచే వస్తున్నాయి.

ఇలా చెయ్యి. రెండో బోర్డుకి కరెంటు తీసి, సెన్సారు పచ్చ కనెక్టరుని ఊడదీయి, అది ప్లగ్‌లాగా బయటికి వస్తుంది. రెండు ఎరుపుల మధ్య కొలువు, వచ్చినది తీగల రెసిస్టెన్స్. తర్వాత ఎరుపు-తెలుపు మధ్య కొలిచి, అందులోంచి ముందు వచ్చినది తీసెయ్యి. మిగిలినది సెన్సారు. రెండో ఎరుపు నుంచి తెలుపుకీ ఇలాగే చూడు. రెండు కొలతలూ దాదాపు ఒకటే రావాలి. తేడా వస్తే ఆ ఎరుపు తీగ మొన కత్తిరించు. ఒకటే వచ్చినా తెలుపుని వదిలెయ్యకు, దాని చిలుం రెండు కొలతల్లోనూ సమానంగా దాక్కుంటుంది. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి పిన్ లగ్గు నొక్కి బిగించు. మొనకి టంకం వెయ్యకు. టంకం మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోతుంది, ఆరు నెలల్లో మళ్లీ వదులు. సెన్సారు మీదే అనుమానం ఉంటే హార్బరులో ఐసుకి కొదవా? మంచినీటి ఐసు కడిగి, నలగ్గొట్టి, కాసిని మంచినీళ్లు పోసి అందులో సెన్సారు ముంచు. పది నిమిషాల తర్వాత సున్నా చూపించాలి. చేపల మీద వాడిన ఐసు వద్దు. ఉప్పు తగిలితే సున్నా కన్నా కిందికి పోతుంది, నువ్వు మంచి సెన్సారుని తప్పుపడతావు.

సెన్సారు కనెక్టర్ల పక్కన మూడు పిన్నుల జంపరు (రెండేసి పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) ఉంది, 'వి' అనీ 'ఐ' అనీ రాసి ఉంది. దాన్ని ముట్టుకోకు. నీకు పీటీ-100లే కాబట్టి దానితో పని లేదు. రేపెవరైనా ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ (ఒత్తిడి కొలిచి కరెంటు రూపంలో పంపేది) పెడితే అప్పుడు కావాలి. ఐ వైపు ఉంటే ఆ ఇన్‌పుట్‌కి 250 ఓమ్‌ల రెసిస్టర్ అడ్డం పడుతుంది, 4 నుంచి 20 మిల్లీ యాంపులని 1 నుంచి 5 వోల్టులుగా మార్చడానికి. ఆ స్థితిలో పొరపాటున 24 వోల్టులు నేరుగా తగిలితే రెసిస్టర్ మీద రెండు వాట్లకి పైనే పడుతుంది, అది మాడిపోతుంది. అందులో సున్నాకి బదులు 4 నుంచి మొదలుపెట్టడం నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు: 4 అంటే కొలత సున్నా, 0 అంటే తీగ తెగింది. మౌనానికీ సున్నాకీ తేడా తెలుస్తుంది.

సైరను కూడా ఆ పద్ధతిలోనే కట్టాలి. ఇది నేను మూల్యం చెల్లించి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక కోల్డ్ స్టోరేజీలో సైరనుని రిలే ఎన్‌ఓ కాంటాక్ట్ (రిలే లాగితేనే కలిసేది) మీద నేనే కట్టాను, నువ్వు కట్టినట్టే. గది వెచ్చబడితే బోర్డు రిలేని లాగుతుంది, సైరను మోగుతుంది. పరీక్షించి చూపించాను, అందరూ సరే అన్నారు. ఒక రాత్రి ఒక ఫేజు పోయి కంప్రెసర్లు ఆగాయి, అదే ఫేజు మీదున్న బోర్డు కూడా ఆరిపోయింది. రిలేని లాగేవాళ్లు లేరు, సైరను మోగలేదు. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి చూశాడు, ఎర్ర దీపం లేదు కదా అని వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు, ఎర్ర దీపం వెలిగితేనే పిలవమని చెప్పింది నేను. పొద్దున్నకి గది -9కి వచ్చేసింది.

అందుకని ఇలా మార్చు. బోర్డు సెట్టింగుల్లో రిలే పద్ధతిని తిప్పు: అంతా బాగున్నంతసేపూ రిలే లాగి ఉండాలి, అలారం వస్తే వదిలెయ్యాలి. సైరను తీగలు కామన్, ఎన్‌సీ (రిలే వదిలేస్తే కామన్‌తో కలిసేది) కాంటాక్ట్‌ల మీదికి మార్చు. సైరనుకి విడిగా 12 వోల్టుల బ్యాటరీ, చార్జరు పెట్టు. ఇప్పుడు గది వెచ్చబడినా, బోర్డు ఆరిపోయినా, ఫ్యూజు పోయినా, రిలే కాయిల్ తెగినా సైరను మోగుతుంది. కామన్ తీగ ఊడితే మాత్రం మోగదు, కాబట్టి నెలకోసారి బోర్డు ఫ్యూజు తీసి పరీక్షించు.

దీనితో ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతున్నాను. కరెంటు పోయి జనరేటరు అందుకునేదాకా అర నిమిషం సైరను మోగుతుంది. నాలుగు రాత్రులు అలా మోగితే ఐదో రాత్రి ఎవరో ఒకరు తీగ పీకేస్తారు. బోర్డుకి బ్యాటరీ ఉన్న 24 వోల్టుల సప్లై పెడితే ఆ గొడవ ఉండదు. కరెంటు పోయిందన్న సంగతి 230 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న రిలే ద్వారా డిజిటల్ ఇన్‌పుట్‌కి ఇచ్చి, రెండు నిమిషాల ఆలస్యంతో అలారం పెట్టు. ఆ ఇన్‌పుట్ పిన్నులకి రిలే కాంటాక్ట్ మాత్రమే కలపాలి, వాటిమీదికి 230 ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. సైరను కాయిల్ రకమైతే దానికి అడ్డంగా 1ఎన్4007 డయోడు వెయ్యి, గీత ఉన్న వైపు ప్లస్‌కి. లేకపోతే ఆగిన ప్రతిసారీ వచ్చే దెబ్బకి రిలే కాంటాక్ట్ కాలిపోతుంది.

రిలే పక్కన చిన్న ఎర్ర ఎల్‌ఈడీ ఉంది చూశావా? అది కాయిల్‌కి కరెంటు వెళ్తోందని చెబుతుంది, కాంటాక్ట్ కలిసిందని కాదు. నేను చెప్పినట్టు మార్చాక ఆ ఎర్ర దీపం మామూలప్పుడు వెలిగే ఉంటుంది, ప్రమాదంలో ఆరిపోతుంది. యంత్రాల ప్యానెల్ తలుపు మీద ఎరుపంటే ప్రమాదం, పసుపంటే తేడా, పచ్చంటే మామూలు అన్న వాడుక ఉంది, అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం కూడా అదే చెబుతుంది. బోర్డు మీదున్న చిన్న దీపాలకి మాత్రం తయారీదారు ఇష్టమే రంగు. కాబట్టి దాని పక్కన చీటీ అంటించాలి, తప్పదు.

మిగతావి త్వరగా చెబుతాను. నెట్‌వర్క్ జాక్ దగ్గర దీపం వెలిగితే అవతలి స్విచ్ దాకా తీగ బాగుందని అర్థం, అంతకు మించి ఏమీ లేదు, ఐపీ తప్పుగా ఉన్నా అది వెలుగుతుంది. రీసెట్ బొత్తాం ఒకసారి నొక్కి వదిలితే బోర్డు మళ్లీ లేస్తుంది. చాలా బోర్డుల్లో ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, కాబట్టి అవి కాగితం మీద రాసుకోకుండా దాని జోలికి వెళ్లకు. 'బూట్' అని రాసిన జంపరు ఫ్యాక్టరీవాళ్లది. గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ గడియారానికి. అలారం లాగ్‌లో తేదీలు తప్పుతుంటే అదే మార్చాలి.

ఈ రాత్రి ముందు మూడో బోర్డు మీటలు మార్చి, కరెంటు తీసి ఇచ్చి, టీఎక్స్ వచ్చిందో లేదో చూడు. రేపు పగలు, ఇంకొకరు తోడుండగా, ఎ-బి కొలత, రెండో గది సెన్సారు కొలతలు. సైరను పని మేనేజరుకి చెప్పి, సరుకు తక్కువగా ఉన్న రోజు పెట్టుకో. ప్యానెల్ తలుపు లోపల తెలుగులో ఒక కాగితం అంటించు: "రన్ దీపం సెకనుకోసారి కొట్టుకోవాలి. రిలే దగ్గర ఎర్ర దీపం వెలిగే ఉండాలి. ఈ రెంటిలో ఏది మారినా, ఏ టైమైనా ఫోన్ చెయ్యి." కింద నీ నంబరు రాయి. ఎ-బి కొలత ఎంత వచ్చిందో, రెండు ఎరుపుల మధ్య ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే, రెండో గది సంగతి మిగిలినది చూద్దాం.